అమ్మ తాలింపు, నా ఫ్లాస్కు

విజయనగరంలో ఇంటికొచ్చినా ల్యాబ్ వదలడం లేదు. అమ్మ కాగే నూనెలో ఆవాలు వేస్తుంటే మా పనే గుర్తొచ్చింది: క్వాంటమ్ డాట్లు, అంటే రంగురంగులుగా వెలిగే అతిచిన్న స్ఫటికాల నలుసులు, తయారుచేయడం. కాడ్మియం కలిపి 300 డిగ్రీలకు కాచిన ద్రావకంలోకి సిరంజితో ఒక్కసారిగా సెలీనియం కొడతాం. నలుసులు పెరిగేకొద్దీ, చూస్తుండగానే పసుపు, నారింజ, ఎరుపు. కాడ్మియం సెలెనైడ్ నలుసు 2 నానోమీటర్లుంటే నీలంగా, 6 ఉంటే ఎర్రగా వెలుగుతుంది. 1993లో రసాయన శాస్త్రవేత్త మౌంగి బావెండి బృందం చూపిన దారే ఇది. 2023లో ఆయనకు నోబెల్‌లో వాటా వచ్చింది. నేనేమో మొన్న అర నిమిషం ఆలస్యంగా దించి బ్యాచ్ మొత్తం పాడుచేశాను!

"ఏటిరా, దాంతో లేజర్ వస్తాదా?"

వెలుగు తేలికేనమ్మా, లేజరే కష్టం. దానికి ఒకే నలుసులో రెండు ఎలక్ట్రాన్-హోల్ జంటలు (ఎలక్ట్రాన్, అది వదిలిన ఖాళీ) కావాలి; అలా రెండు చేరితే, నానోసెకను (సెకనులో వందకోట్లవ వంతు) గడవకముందే ఒకదాని శక్తి వేడైపోతుంది అన్నాను.

"సర్లే, ముందు ఆ కరివేపాకు అందుకో."