హిస్టరీ ఆప్షనల్ పేపర్-2: అమెరికా యుద్ధంలోకి దిగాక ఆ ఏడాదంతా ఏం చేసింది?

సివిల్స్ ఫైనల్ లిస్టులో పేరు వచ్చిన దగ్గర్నుంచి అందరిదీ ఒకటే ప్రశ్న: వరల్డ్ హిస్టరీ ఎలా చదివావని. ప్రిలిమ్స్, ఎస్సే, ఎథిక్స్ గురించి కొత్తగా చెప్పేదేం లేదు, అందరూ చదివేవే చదివాను. పేపర్-2లో నా పద్ధతి మారింది మాత్రం మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా దగ్గర.

ఏ నోట్స్ చూసినా అదే వరస. జర్మన్ జలాంతర్గాములు, జిమ్మర్‌మన్ టెలిగ్రాం (అమెరికా మీదికి మెక్సికోను ఉసిగొల్పిన జర్మనీ రహస్య సందేశం), 1917 ఏప్రిల్ 6న యుద్ధ ప్రకటన, ఆ తర్వాతి లైన్లో జర్మనీ ఓటమి. కానీ అమెరికన్లు తమంతట తాము చేసిన మొదటి పెద్ద దాడి ఫ్రాన్స్‌లోని కాంటిన్యీలో, 1918 మే 28న. ఏడాది పైమాటే! ఇన్నాళ్లూ ఏం చేశారు? ఈ ప్రశ్న పట్టుకున్నాకే టాపిక్ నాకు వంటబట్టింది.

అసలు చేతిలో సైన్యం ఏదీ? రెగ్యులర్ ఆర్మీ లక్షా పాతిక వేల పైచిలుకు, అంతే. 1917 మేలో సెలెక్టివ్ సర్వీస్ చట్టం (నిర్బంధ సైనిక సేవ) తెచ్చారు. జూన్ 5న 21 నుంచి 30 ఏళ్ల మగవాళ్లు వరసలు కట్టి పేర్లు రాయించుకున్నారు, కోటికి దగ్గరగా. పేరు రాయించుకున్నంత మాత్రాన సైనికుడైపోతాడా? శిబిరాలు కట్టాలి, తర్ఫీదు ఇవ్వాలి, సముద్రం దాటించాలి. ఫిరంగులు చాలావరకు ఫ్రాన్స్ ఇచ్చింది. ఫ్రాన్స్ చేరినవాళ్లలో సుమారు సగంమంది ఎక్కింది బ్రిటిష్ ఓడలే. దీనికి తోడు అమెరికా సేనాని జనరల్ పెర్షింగ్ మిత్రదేశాలతో పట్టిన పంతం: మా కుర్రాళ్లను మీ దళాల్లో కలపం, మా సైన్యం మాకు వేరుగా ఉండాలి అని.

ఈలోగా రష్యా తప్పుకుంది. అటునుంచి తెచ్చిన డివిజన్లతో జర్మన్ జనరల్ లూడెన్‌డార్ఫ్ 1918 మార్చి 21న విరుచుకుపడ్డాడు. అప్పుడు పెర్షింగ్ కొంత మెత్తబడ్డాడు. కాంటిన్యీ చిన్న ఊరు, అక్కడా ట్యాంకులు ఫ్రెంచివాళ్లవే. తర్వాత షాటో-థియరీ పట్టణం, జూన్ అంతా దగ్గర్లోని అడవి బెలో వుడ్‌లో మెరైన్లు. ఈ పోరాటాల సైజు చిన్నదే. కానీ ఆ వేసవిలో నెలకు రెండున్నర లక్షలకు పైగా అమెరికన్లు ఫ్రాన్స్‌లో దిగుతున్నారు. జర్మనీని బెంబేలెత్తించింది ఆ లెక్క. నా ఆన్సర్లో వాదన అదే.

"ఒక్క టాపిక్ మీద ఇన్ని రోజులా?" అని లైబ్రరీలో నవ్వినవాళ్లు ఉన్నారు. నవ్వుకోండి. సిలబస్ పూర్తయిందని టిక్కులు పెట్టుకోవడం చదువు కాదు. రెండు తేదీల మధ్య ఖాళీ కనిపిస్తే అక్కడ ఆగాలి. మెయిజీ కాలపు జపాన్, రష్యా విప్లవం కూడా ఇలాగే చదివాను. పొద్దున ఫోన్ ముట్టుకోకుండా రెండు గంటలు కూర్చోలేనివాళ్లకు ఏ పద్ధతీ పనిచెయ్యదు, అది వేరే సంగతి.

పేపర్-1 మ్యాపుల గురించి వచ్చే వారం రాస్తాను. నోట్స్ పీడీఎఫ్ మాత్రం అడక్కండి. అంతా చేత్తో రాసుకున్నదే, నా దస్తూరీ నాకే సగం అర్థం కాదు.