హెబ్బాళ పశువుల కొట్టంలో ఒక పూట

మదనపల్లెలో తెల్లారకముందే బస్సెక్కాను. చింతామణి, హోస్కోటె దాకా ప్రయాణం హాయిగా సాగింది. కె.ఆర్.పురం దగ్గర మొదలైన ట్రాఫిక్‌తో హెబ్బాళ చేరేసరికి ఎండెక్కింది. మా అక్క కొడుకు అక్కడి వెటర్నరీ కాలేజీలో చదువుతున్నాడు. వాడికి పరీక్షల టెన్షన్, నాకేమో కొట్టం చూడాలన్న ఆశ.

లోపలికి వెళ్ళగానే వాడు ఒక కోడె మూతి పట్టుకుని కింది పెదవి దించాడు. "వయసు చెప్పు మామా, చూద్దాం!" మధ్యలో రెండు పళ్ళు వెడల్పుగా, పక్కన సన్నటి పాలపళ్ళు. పైదవడ ముందు భాగంలో పళ్ళే ఉండవు, గట్టి చిగురే. "రెండు పళ్ళేసింది, రెండేళ్ళు ఉంటాయి" అన్నాను. సంతలో తిరిగినవాడికి ఇదో లెక్కా! అమెరికా కబేళాల్లోనూ 30 నెలలు దాటిన పశువును పళ్ళు చూసే వేరు చేస్తారట, పిచ్చి ఆవు వ్యాధి భయంతో.

క్యాంటీన్‌లో కాఫీ తాగుతూ వాడు పాఠం ఒప్పజెప్పాడు. స్టీర్ అంటే విత్తులు కొట్టిన కోడె, హెయిఫర్ అంటే ఇంకా ఈనని పెయ్య. మనం విత్తులు కొట్టించేది కాడికి కట్టడానికి. అమెరికాలో మాంసానికి పెంచేవాళ్ళకేమో పశువుకు కొవ్వు పట్టాలి, కుమ్ములాటలు తగ్గాలి. ఆరేడు నెలలకు తల్లిపాలు మాన్పించి, కొన్నాళ్ళు పచ్చికలో మేపుతారు. ఆఖరి నెలల్లో ఫీడ్‌లాట్‌లో, అంటే పశువును బలిపించే దొడ్డిలో పెట్టి మొక్కజొన్నలాంటి దాణా దండిగా పెడతారు. ఏడాదిన్నర, రెండేళ్ళకు కోతకు పోతుంది.

నన్ను పట్టుకున్నది మాత్రం వీల్, అంటే లేదూడ మాంసం. అది ఎక్కువగా వచ్చేది మాంసం మందల నుంచి కాదు, పాడి నుంచి. హోల్‌స్టీన్ ఆవు పాలివ్వాలంటే ఈనాలి. పుట్టింది కోడెదూడైతే పాలు ఇవ్వదు, మాంసం జాతుల్లా కండా పట్టదు. దానికి పాలపొడి కలిపిన నీళ్ళు పట్టి, మాంసం తెల్లగా ఉండాలని ఇనుము తక్కువగా అందేలా పెంచేవారు. 8 వారాలు దాటిన దూడను ఒంటరి గూట్లో కట్టెయ్యకూడదని యూరప్‌లో 2007 నుంచి నిబంధన ఉంది. అంతవరకూ అక్కరలేకపోయిందా అనిపించింది.

"మన కోడెదూడల సంగతేంది మామా?" అన్నాడు వాడు. ట్రాక్టర్ వచ్చాక కాడి పోయింది. 2020 నాటి కర్ణాటక చట్టం ప్రకారం ఆవు, దూడ, ఎద్దు దేన్నీ కోయకూడదు, 13 ఏళ్ళు దాటిన గేదెకే మినహాయింపు. మరి పాలివ్వని దూడకు మేత ఎవరు పెట్టాలి? నిజం చెప్పాలంటే మా ఊళ్ళో చాలామంది దానికి పాలు సరిగా వదలరు. నాలుగు రోజులకు డొక్కలు ఎండిపోతాయి.

అందుకే లింగ నిర్ధారిత వీర్యం వేయించమన్నాడు. నూటికి 90 దాకా పెయ్యదూడలే పుడతాయి. అయితే చూలు నిలిచే అవకాశం మామూలు దానికన్నా కాస్త తక్కువ, కాబట్టి ముసలి ఆవులకు కాకుండా తొలిచూలు పెయ్యలకు వేయించడం మేలట. మా జెర్సీ పెయ్య ఇంకా ఎదకు రాలేదు. రాగానే ఫోన్ చేయమన్నాడు.