బిల్లు ఒకచోట, లైసెన్సు ఇంకోచోట: కోహాలో రెండింటినీ కలిపిన అనుభవం

మా యూనివర్సిటీ లైబ్రరీలో ఆన్‌లైన్ జర్నళ్ల లెక్క చాలాకాలం రెండు ముక్కలుగా నడిచింది. ఎంత కట్టాం, ఏ హెడ్‌లో కట్టాం అన్నది మా లైబ్రరీ సాఫ్ట్‌వేర్ కోహాలోని అక్విజిషన్స్‌లో, అంటే కొనుగోళ్ల విభాగంలో ఉండేది. లైసెన్సులో ఏం రాసుకున్నాం, వద్దనుకుంటే ఎప్పటిలోగా చెప్పాలి అన్నది ఒక ఎక్సెల్ షీట్‌లో, మిగతాది పాత మెయిళ్లలో. రెన్యువల్ కమిటీలో "దీనికి పెట్టే డబ్బుకి తగ్గ వాడకం ఉందా?" అని అడిగితే రెండూ పక్కపక్కన పెట్టుకుని కూడుకోవాల్సిందే.

ఇది మా ఒక్కరి తలనొప్పి కాదు. ఈ-రిసోర్సుల నిర్వహణకి ఏ వివరాలు కావాలో అమెరికాలో డిజిటల్ లైబ్రరీ ఫెడరేషన్ 2004లోనే పెద్ద రిపోర్టు ఇచ్చింది. ఖర్చు వివరాలు ఒక సిస్టం నుంచి ఇంకోదానికి వెళ్లడానికి అమెరికా సమాచార ప్రమాణాల సంస్థ నైసో 2010లో 'కోర్' అని ఒక పద్ధతి తెచ్చింది గానీ అది సిఫారసుగానే మిగిలింది. కోహా 22.11 వెర్షన్‌తో, ఈ-రిసోర్సుల లైసెన్సులూ అగ్రిమెంట్లూ చూసుకునే ఈఆర్‌ఎం మాడ్యూల్ వచ్చాక, రెండూ ఒకే సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి కాబట్టి ఇక పనేముందన్నారు మా వాళ్లు. పని అక్కడే మొదలైంది.

ముందు వెండర్ల పేర్లు. ఈఆర్‌ఎంలో అగ్రిమెంటు తెరిస్తే, వెండర్ జాబితా అక్విజిషన్స్‌లో ఉన్నదే కనిపిస్తుంది. మా జాబితాలో ఒకే ఏజెంటు పేరు 'ప్రైవేట్ లిమిటెడ్', 'ప్రై. లి.', ఉత్త పేరు, ఇలా రకరకాలుగా ఉంది. పైగా లైసెన్సు మీద సంతకం పబ్లిషర్‌ది, బిల్లు మాత్రం ఏజెంటుది. చివరికి లైసెన్సుకి పబ్లిషర్ని, ఆర్డరుకి ఏజెంటుని వెండరుగా పెట్టాలని రాసిపెట్టుకున్నాం. ఈ సంగతి తేల్చకుండా ముందుకెళ్లిన లైబ్రరీల్లో రిపోర్టులు తర్వాత ఎందుకూ పనికిరాకుండా పోతాయి.

తర్వాత ఆర్డరు. కోహాలో ఏ ఆర్డరుకైనా వెనకాల ఒక బిబ్లియోగ్రాఫిక్ రికార్డు, అంటే కేటలాగులో దాని వివరాల నమోదు ఉండాలి. వందల జర్నళ్ల ప్యాకేజీకి బిల్లు మాత్రం ఒక్కటే లైను. అందుకని ప్యాకేజీ పేరుతో ఒక రికార్డు చేసి, అది ఓపాక్‌లో (పాఠకులు వెతుక్కునే ఆన్‌లైన్ కేటలాగులో) కనపడకుండా దాచాం. ఆర్డర్ల బాస్కెట్ తెరిచేటప్పుడు ఐటమ్‌లు (బార్‌కోడ్ వేసే ఒక్కో ప్రతి నమోదు) ఎప్పుడు తయారవ్వాలని అడుగుతుంది; 'కేటలాగింగ్ అప్పుడు' అని పెడితే ఆర్డరు పెట్టినప్పుడుగానీ రిసీవ్ చేసినప్పుడుగానీ బార్‌కోడ్ అడగదు. పుస్తకాలకి అలవాటైన చెయ్యి ఇక్కడే తడబడుతుంది.

అకౌంట్స్ సెక్షన్‌లో సూపరింటెండెంట్ గారు మాత్రం వదల్లేదు. "మేడమ్, యాక్సెషన్ నంబరు లేకుండా స్టాకు ఎంట్రీ ఎలా? బిల్లు ఎలా పాస్ చేయమంటారు?" అని. "సార్, ఇది కొన్న ఇల్లు కాదు, అద్దె ఇల్లు. అద్దెకి స్టాకు నంబరు ఏముంటుంది, అగ్రిమెంటే కదా" అన్నాను. నవ్వి, అగ్రిమెంటు నంబరు బిల్లు మీద రాసిమ్మన్నారు. మాకు కావాల్సిన లంకె అదే అయింది. ఆర్డరులో ఇంటర్నల్ నోట్ గడిలో ఆ నంబరు ఒక్కటే వేస్తాం, పక్కన ఇంకేమీ రాయం. దాన్ని పట్టుకుని, డేటాబేస్‌ని నేరుగా అడిగే ఒక ఎస్‌క్యూఎల్ రిపోర్టు ఆర్డరునీ అగ్రిమెంటునీ కలుపుతుంది. ఎవరైనా ఆ గడిలో 'అర్జంటు' అని రాశారా, ఆ వరస రిపోర్టులో రాదు.

అన్నిటికన్నా విసిగించింది సంవత్సరం. మన బడ్జెట్ ఏప్రిల్ నుంచి మార్చికి, సబ్‌స్క్రిప్షన్ జనవరి నుంచి డిసెంబరుకి. పబ్లిషర్లు 'కౌంటర్' అనే ప్రమాణం ప్రకారం ఇచ్చే వాడక లెక్కలు కూడా మేము క్యాలెండరు సంవత్సరానికే తీస్తాం. జనవరి జర్నళ్లకి ముందే కట్టిన డబ్బు, ఆ వాడకం మొదలయ్యే ముందే ఖర్చుగా పడిపోతుంది. బడ్జెట్ కాలాన్ని పట్టుకుని ఒక్క వాడకానికి ఎంత పడిందో తీస్తే తప్పుడు అంకె వస్తుంది. అందుకే అగ్రిమెంటు కాలపరిమితినే ఆధారం చేసుకున్నాం. డాలరు గొడవ సరేసరి: పదివేల డాలర్ల ఆర్డరు 83 రూపాయల రేటుకి పెట్టి 85కి చెల్లిస్తే ఇరవై వేలు తేడా. రిసీవ్ చేసేటప్పుడు బ్యాంకు అడ్వైజులో ఉన్న రూపాయలే ఎక్కిస్తాం.

2025 జనవరిలో, ప్రభుత్వ విద్యాసంస్థలకి కేంద్రమే డబ్బు కట్టి జర్నళ్లు ఇప్పించే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ మొదలయ్యాక ఇంకో చిక్కు. 30 పబ్లిషర్లు, దాదాపు 13,000 జర్నళ్లు; ఆర్డరు లేదు, బిల్లు లేదు, యాక్సెస్ మాత్రం ఉంది. అక్విజిషన్స్‌లో దీని జాడే ఉండదు కాబట్టి ఈఆర్‌ఎంలో అగ్రిమెంటు ఒక్కటే ఆధారం. వాటిలో మనం విడిగా డబ్బు కడుతున్నవి ఏవో చూద్దామని కేబార్ట్ ఫైలుతో (టైటిళ్ల జాబితాని ఒక ప్రామాణిక పద్ధతిలో ఇచ్చే ఫైలు) మా జాబితాని పోల్చాం. మొదటిసారి చాలా టైటిళ్లు కలవలేదు. మా పాత ఆర్డర్లలో ఉన్నది అచ్చు ప్రతి ఐఎస్‌ఎస్‌ఎన్ (జర్నల్ గుర్తింపు సంఖ్య), మేము పోల్చింది ఫైలులోని ఆన్‌లైన్ ఐఎస్‌ఎస్‌ఎన్‌తో. రెండు గడులనూ చూసేలా రిపోర్టు మార్చాక, రెండు దారుల్లోనూ వస్తున్న పేర్లు బయటపడ్డాయి.

ఆ జాబితాతో కమిటీకి వెళ్తే, ఒక ప్రొఫెసర్ గారు "మరి పాత సంచికలో?" అన్నారు. న్యాయమైన ప్రశ్న. మానేశాక కూడా పాతవి చదువుకునే హక్కు ఉందో లేదో లైసెన్సు రికార్డులో చూసి, ఉన్నవాటినే రద్దుకి పంపాం. లేనివి పక్కన పెట్టి పబ్లిషర్లకి రాశాం, జవాబులు వస్తున్నాయి. సుషీ ద్వారా, అంటే సిస్టం తనంతట తానే తెచ్చుకునేలా, వాడక లెక్కలు ఇవ్వని చిన్న పబ్లిషర్లవి మాత్రం ఇప్పటికీ మా అసిస్టెంటే డౌన్‌లోడ్ చేసి ఎక్కిస్తున్నాడు.