తొమ్మిదో ఆర్డరు అంచున గీసిన బాణాలు

ఎల్‌ఎల్‌బీ చదివే విద్యార్థులు కొందరు ఆదివారాలు సివిల్ ప్రొసీజర్ కోడ్ చెప్పించుకోవడానికి మా ఇంటికి వస్తారు. సివిల్ దావాలు కోర్టులో నడిచే తీరును చెప్పే 1908 నాటి ఆ చట్టంలో 158 సెక్షన్లు, మొదటి షెడ్యూలులో 51 ఆర్డర్లు, అంటే రూల్స్ ఉండే అధ్యాయాలు, ఉన్నా, వాళ్లను బెదరగొడుతున్నది ఆ పొడవు కాదు. చూడడానికి ఒకేలా ఉన్న రెండు నిబంధనలు పూర్తిగా వేరువేరు ఫలితాలు ఇవ్వడమే వాళ్లకు మింగుడుపడడం లేదు.

కిందటి వారం ఒక అమ్మాయి పుస్తకం తెరిచి చూపింది. కక్షిదారులు కోర్టుకు రావడం, రాకపోవడం గురించి చెప్పే తొమ్మిదో ఆర్డరు ఉన్న పేజీ అంచున రూళ్ల నంబర్లు 3, 4, 8, 9 అంకెల మధ్య బాణాలు గీసి, చెరిపి, మళ్లీ గీయడంతో అక్కడ కాగితం పల్చబడిపోయింది. "మూడో రూలు కింద దావా కొట్టేస్తే కొత్తది వేసుకోవచ్చట, ఎనిమిదో రూలు కింద కొట్టేస్తే వేయకూడదట. రెండింట్లోనూ రానిది వాదే కదా సార్, మరి ఈ తేడా ఎందుకు?" అని అడిగింది.

పుస్తకం మూసి, కోర్టు హాలును కళ్ల ముందు నిలుపుకోమన్నాను. కేసు పిలిచినప్పుడు ఇద్దరూ రాకపోతే అది మూడో రూలు; కాలపరిమితి దాటనంత వరకు వాది కొత్త దావా వేసుకోవచ్చునని, లేదా పాతదాన్నే తెరిపించమని కోరవచ్చునని నాలుగో రూలు చెబుతుంది. కానీ ప్రతివాది పని మానుకుని, బస్సు ఛార్జీలు పెట్టుకుని వచ్చి కూర్చున్న రోజున వాది రాకపోతే, ప్రతివాది ఒప్పుకున్న భాగం మినహా దావాను ఎనిమిదో రూలు కింద కొట్టేస్తారు. అలా వచ్చిన మనిషిని అదే వ్యాజ్య కారణం మీద మరో దావాతో మళ్లీ కోర్టుకు ఈడ్వకుండా తొమ్మిదో రూలు అడ్డుపడుతుంది. వాదికి మిగిలిన దారి, 30 రోజుల్లోగా తగిన కారణం చూపి ఆ దావానే తిరిగి తెరిపించుకోవడం. అది విన్నాక ఆ అమ్మాయి ఎనిమిదో రూలు పక్కన "ప్రతివాది వచ్చాడు" అని రాసుకుంది.

డిక్రీ నిర్వచనం దగ్గర మాత్రం ఇంత తేలికగా తెమలలేదు. హక్కులను నిర్ణయాత్మకంగా తేల్చేదే డిక్రీ అని తరగతిలో వల్లె వేయిస్తారు. ఆ వెంటనే, ఏ హక్కునూ తేల్చని ప్లెయింటు (వాది దాఖలు చేసే దావా పత్రం) తిరస్కరణ డిక్రీ అవుతుందని, హాజరు కానందుకు దావా కొట్టేయడం డిక్రీ కాదని చెబుతారు. విద్యార్థి తికమకపడడంలో తప్పేమీ లేదు. రెండో సెక్షను తిరస్కరణను "డిక్రీగా భావించాలి" అంటోంది. అంటే అది చట్టం చేసిన కల్పన. ఆ కల్పన వల్లనే 96వ సెక్షను కింద అప్పీలుకు దారి దొరుకుతుంది. ఆ ఒక్క మాట ముందే చెప్పని బోధన మీద నాకు నిజంగా కోపం వస్తుంది.

ప్రతివాది రాకుండానే ఇచ్చిన డిక్రీని, అంటే ఎక్స్‌పార్టీ డిక్రీని, రద్దు చేయించుకునే పదమూడో రూలుకు వచ్చేసరికి, నేను జూనియరు లాయరుగా ఉన్నప్పుడు అలాంటి డిక్రీ నకలును ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని వచ్చిన ఒక రైతు గురించి చెప్పాను. ఆయన ఎప్పుడో ఖాళీ చేసిన ఇంటి తలుపుకు సమన్లు అంటించారు. సమన్లు సరిగా అందలేదు కాబట్టి, రద్దు కోరడానికి ఆయనకున్న 30 రోజులను డిక్రీ తేదీ నుంచి కాక, డిక్రీ సంగతి ఆయనకు తెలిసిన రోజు నుంచి లెక్కపెట్టాలి. ఆ రోజు ఏదో ఆయన చేత గుర్తు చేయించడానికే మాకు ఒక సాయంత్రం పట్టింది.