అద్దం అవతల శిల్పి గది: నా అనుభవం

పారిస్‌లో మ్యూజియం కోర్సు చదివేటప్పుడు మాకో ప్రాజెక్టు ఇచ్చారు. ఒక కళాకారుడి గదిని ఉన్నదున్నట్టు మళ్లీ నిలబెట్టిన చోటికి వెళ్లాలి. అందులో ఒక మూల తీసుకుని, ఏ వస్తువు ఎక్కడుందో ప్లాన్ గీయాలి. అది అక్కడే ఉండేదని పాత ఫొటోలతో రుజువు చూపాలి. నేను శిల్పి బ్రాంకూషి స్టూడియో ఎంచుకున్నాను. మాది తెనాలి, మా పెదనాన్న విగ్రహాలు చేస్తారు. బంకమట్టి, ప్లాస్టర్ అచ్చుల మధ్య పెరిగినదాన్ని కాబట్టి ఇంకో ఆలోచనే రాలేదు.

కాన్‌స్టాంటిన్ బ్రాంకూషి 1876లో రుమేనియాలోని హోబిత్స అనే పల్లెలో పుట్టాడు. 1904లో పారిస్ చేరాడు. 1916 నుంచి 1957లో కన్నుమూసేదాకా రోన్సాన్ అనే ఒకే సందులో పనిచేశాడు. చనిపోయే ముందు ఏడాది వీలునామా రాసి స్టూడియో మొత్తాన్ని ఫ్రాన్స్ ప్రభుత్వానికి ఇచ్చేశాడు. షరతు ఒక్కటే: తను పోయేనాటికి ఎలా ఉందో అలాగే మళ్లీ కట్టాలి. 1962లో కొంతభాగం నిలబెట్టారు. 1977లో పాంపిడూ సెంటర్ అనే ఆధునిక కళల మ్యూజియం ఎదురుగా పూర్తిగా కట్టారు. 1990లో నీళ్లు చేరడంతో అది మూతపడింది. నేను చూసింది ఆర్కిటెక్ట్ రెంజో పియానో డిజైన్ చేసిన భవనం, 1997 నాటిది. 137 శిల్పాలు, 87 దిమ్మలు అందులో ఉండేవి.

ఆ గదుల చుట్టూ తిరగనిచ్చేవారు గానీ లోపలికి అడుగు పెట్టనిచ్చేవారు కాదు, అంతటా అద్దాలే. టేపు పెట్టే వీలు లేకుండా కొలతలు ఎలా? దానికి దారి కేటలాగులో దొరికింది. ప్రతి శిల్పం ఎత్తు, వెడల్పు అందులో ఉంటాయి. ఎత్తు తెలిసిన ఒక శిల్పాన్ని స్కేలుగా పెట్టుకుని, దాని దగ్గరలో ఉన్నవాటిని లెక్కగట్టుకుంటూ పోయాను. అద్దంలో నా మొహమే కనిపిస్తుంటే నల్ల చున్నీ తల మీదుగా కప్పుకుని అద్దానికి ఆనించి చూసేదాన్ని. అక్కడి గార్డు మొదట అనుమానంగా చూశాడు. ప్రాజెక్టు కాగితం చూపించాక ఏ వేళలో పైకప్పు వెలుతురు బాగుంటుందో ఆయనే చెప్పాడు.

నేను ఎంచుకున్న మూల పనిబల్ల, దాని వెనక పనిముట్ల గోడ. రంపాలు, ఉలులు, సుత్తులు, ఆకురాళ్లు. చెయ్యి చాపితే అందేలా తగిలించి ఉన్నాయి. నున్నగా మెరిసే ఆయన కంచు పక్షుల్ని పుస్తకాల్లో చూసి ఇదంతా ఏదో మెషీన్ పని అనుకుంటాం. ఇన్ని ఆకురాళ్లు చూశాక, ఆ మెరుపు వెనక ఎంత అరగదీత ఉందో అర్థమవుతుంది. మా షెడ్డులో పాలిష్ పట్టే కుర్రాళ్ల భుజాలు గుర్తొచ్చాయి.

అసలు టెన్షన్ ఫొటోల దగ్గర మొదలైంది. స్టూడియో ఫొటోలు బ్రాంకూషే తీసుకునేవాడు, కెమెరా పని నేర్చుకోవడంలో ఫొటోగ్రాఫర్ మాన్ రే సాయం చేశాడు. పాంపిడూ వాళ్ల కాండిన్‌స్కీ లైబ్రరీలో అపాయింట్‌మెంట్ తీసుకుని వాటిని చూస్తూ కూర్చుంటే, ఒక ఫొటోకీ ఇంకోదానికీ పొంతన లేదు. ఒక దాంట్లో కిటికీ పక్కనున్న దిమ్మ ఇంకో దాంట్లో గది మధ్యలో ఉంటుంది. పైగా 1920ల చివర్లో ఆయన అదే సందులో వేరే నంబరుకి మారాడు. అంటే అంతకు ముందు ఫొటోలు నా మూలకి పనికిరావు. చివరి ఏళ్ల ఫొటోలే ఏరుకున్నాను.

అలా ఏరుతుంటేనే విషయం తెలిసొచ్చింది. ఆయన వాటిని ఊరికే జరపలేదు. చివరి ఏళ్లలో కొత్త శిల్పాలు చెక్కడం దాదాపు మానేసి, ఉన్నవాటిని ఒకదాని పక్కన ఒకటి అమర్చడమే పనిగా పెట్టుకున్నాడు. ఏదైనా అమ్ముడుపోతే దాని ప్లాస్టర్ నకలు తెచ్చి అదే చోట నిలబెట్టేవాడు. మా తెనాలిలో పోత అయిపోయాక ప్లాస్టర్ షెడ్డు వెనక మూలకి పోతుంది. ఇక్కడ ప్లాస్టర్ ఆ చోటుని కాపాడింది. శిల్పానికీ శిల్పానికీ మధ్య ఖాళీ కూడా ఆయన పనే. అందుకే నా ప్లాన్‌లో వస్తువులతో పాటు మధ్య దూరాలకీ విడిగా నంబర్లు వేశాను.

రిపోర్టులో ఒక మాట గట్టిగా రాశాను. అమరిక నమ్మకంగా నిలబెట్టారు, సందేహం లేదు. కానీ ఆ శిల్పాలు చుట్టూ తిరిగి చూడాల్సినవి. ‘లీడా’ అనే కంచు శిల్పాన్నయితే ఆయనే మోటారు పెట్టి తిప్పేవాడు. అలాంటి గదిని అద్దం బయట నుంచే చూపిస్తే సగమే చూపినట్టు. రోజుకి కొద్దిమందినైనా లోపలికి పంపాలన్నాను. మా ప్రొఫెసర్ ఒప్పుకోలేదు. ప్లాస్టర్ మీద పడిన ఒక్క చేతి ముద్ర కూడా పోదు అన్నారు. ఆవిడ చెప్పిందీ నిజమే. అయినా నా మాట మార్చలేదు, రిపోర్టు అలాగే ఇచ్చాను.

ఇలాంటి పని పెట్టుకునేవాళ్లు ముందు కేటలాగు కొలతలు రాసుకుని వెళ్లండి, తేదీ తెలియని ఫొటోని రుజువుగా వాడకండి. ఈ స్టూడియోతో సహా పాంపిడూ సెంటర్ 2025లో మరమ్మతులకి మూతపడింది, 2030లో తెరుస్తామంటున్నారు. ఈలోగా బ్రాంకూషిని చూడాలనుకుంటే రుమేనియాలోని తర్గు జియు ఊరికి వెళ్లొచ్చు. 1938లో ఆయన నిలబెట్టిన ‘అంతులేని స్తంభం’ 29 మీటర్లకు పైగా ఎత్తుతో అక్కడ ఆరుబయటే ఉంది, చుట్టూ తిరిగి చూడొచ్చు.