బంతి ముట్టని ఆటగాడి కోసం క్యాంటన్ దాకా

పిట్స్‌బర్గ్‌లో వెంకటేశ్వరస్వామి దర్శనం, క్లీవ్‌లాండ్‌లో త్యాగరాజ ఆరాధన. అమెరికాలో పిల్లల దగ్గరకి వచ్చిన మా వయసు వాళ్లు ఈ రెండూ ఒకే ప్రయాణంలో కలిపి పెట్టుకోవడం మామూలే. మధ్యలో ఒహాయోలోని క్యాంటన్‌లో ఆగాలన్నది మాత్రం మా అన్నయ్య మనవడి పంతం. పద్నాలుగేళ్లవాడు. వయసుకి మించిన ఒళ్లు. స్కూల్ టీమ్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడతాడు. అఫెన్సివ్ లైన్‌మన్.

గుడి క్యాంటీన్‌లో పులిహోర తిని బయల్దేరాం. రెండు గంటల దారి. మా అబ్బాయి, అంటే అన్నయ్య కొడుకు, కారు నడుపుతుంటే వెనక సీట్లో మనవడు నాకు పాఠం మొదలుపెట్టాడు.

"చిన్నతాతయ్యా, మేం అయిదుగురం వరసగా నిలబడతాం. మధ్యలో సెంటర్, అటూ ఇటూ గార్డులు, చివర్లో టాకిల్స్. సెంటర్ కాళ్ల సందులోంచి బాల్ వెనక్కి ఇస్తాడు. అది స్నాప్. బాల్ అందుకున్న క్వార్టర్‌బ్యాక్ దాన్ని విసిరేదాకా అవతలివాళ్లు అతని మీద పడకుండా మేం ఆపాలి."

"మరి నీ దగ్గరకి బంతి ఎప్పుడొస్తుందిరా?"

"రాదు. వచ్చిందంటే ఏదో తప్పు జరిగినట్టే."

ముందుకి దూకేవాణ్ణి తను వెనక్కి అడుగులేస్తూ ఆపాలట. చొక్కా పట్టి లాగితే పది గజాల పెనాల్టీ. అంతా రెండు మూడు సెకన్ల పని. సరిగ్గా చేస్తే టీవీలో పేరు వినపడదు, చేయకపోతే వినపడుతుంది. పరుగులు ఉండవు, గోల్స్ ఉండవు, లెక్క రాయడానికి ఏమీ ఉండదు. ఇలాంటి ఉద్యోగం కోరి ఎవరు చేస్తారా అనిపించింది. పైకి అనలేదు.

క్యాంటన్ ఎందుకంటే, ఇప్పుడు ఎన్ఎఫ్ఎల్ అంటున్న అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్ పుట్టింది ఇక్కడే. 1920 సెప్టెంబర్‌లో రాల్ఫ్ హే అనే ఆయన కార్ల షోరూమ్‌లో టీముల యజమానులు కూర్చుని మాట్లాడుకున్నారు. ఆ గుర్తుగా 1963లో ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్, అంటే ఆ ఆటలో మేటివాళ్లని గౌరవించే మ్యూజియం, ఇక్కడ తెరిచారు. దగ్గర్లోనే అధ్యక్షుడు మెకిన్లీ సమాధి ఉంది. దానికి తీరిక దొరకలేదు. లోపలికి అడుగుపెట్టగానే తొలితరం ఆటగాడు జిమ్ థోర్ప్ నిలువెత్తు విగ్రహం. ఆ తర్వాత చొక్కాలు, హెల్మెట్లు, కప్పులు చాలానే ఉన్నాయి. నిజం చెప్పొద్దూ, సగం నాకేమీ అర్థం కాలేదు.

అర్థమైంది హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరినవాళ్ల కంచు తలల గది. గది మసకగా ఉంటుంది, ఒక్కొక్క తల మీదా వెలుగు. ఏ సంవత్సరం చేరినవాళ్లు ఆ సంవత్సరం వరసలో. నాకు తమాషా అనిపించిందేమంటే, లైన్‌మన్‌కి ఆస్తి అంటే ఒళ్లే కదా, ఇక్కడ మాత్రం అందరినీ మెడ దాకానే పోతపోశారు. 140 కిలోల మనిషి కూడా పక్కనున్న సన్నటి క్వార్టర్‌బ్యాక్‌లాగే కనిపిస్తాడు.

మావాడు తిన్నగా 2023 వరస దగ్గరకి పరిగెత్తాడు. జో థామస్. క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ లెఫ్ట్ టాకిల్. కుడిచేత్తో విసిరే క్వార్టర్‌బ్యాక్‌కి ఎడమవైపు నుంచి వచ్చేవాడు కనపడడు కాబట్టి ఆ చోటుకి ఎక్కువ విలువ. విస్కాన్సిన్ కుర్రాడు. 2007 డ్రాఫ్ట్‌లో, అంటే టీములు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునేటప్పుడు, మూడో ఎంపిక. ఆ రోజు న్యూయార్క్ వేదిక మీదకి రమ్మంటే రానని, తండ్రితో కలిసి మిషిగన్ సరస్సులో చేపలు పట్టుకుంటూ కూర్చున్నాడు. ఈ సంగతి విన్నాక నాకు అతనంటే ఇష్టం మొదలైంది.

మొదటి మ్యాచ్ మొదటి స్నాప్ నుంచి మైదానంలోనే ఉన్నాడు. ఒక్కటీ వదల్లేదు. 2017 అక్టోబర్ 22న టెనెసీ టైటన్స్‌తో ఆడుతుంటే ఎడమచేతి ట్రైసెప్స్ తెగింది. అప్పటికి స్నాప్‌ల లెక్క 10,363. పదకొండేళ్లలో 167 మ్యాచ్‌లు. అతని వెనక నిలబడిన క్వార్టర్‌బ్యాక్‌లు 20 మంది, మారిన హెడ్ కోచ్‌లు ఆరుగురు. అతనున్న సీజన్లలో టీమ్ గెలిచింది 48, ఓడింది 128. ప్లేఆఫ్ ఒక్కటి కూడా ఆడలేదు. అయినా లీగ్‌లో ఆ ఏటి మేటి ఆటగాళ్లని పిలిచే ప్రో బౌల్‌కి వరసగా పదిసార్లు ఎంపికయ్యాడు. పక్కన ఇల్లు కూలుతుంటే తన గోడ మాత్రం నిలబెట్టుకున్నవాడన్నమాట.

"వేరే టీమ్‌కి వెళ్లిపోవచ్చుగా?" అన్నాను.

"వెళ్లాలనుకోలేదు తాతయ్యా," అన్నాడు మావాడు, అదేదో తన ఇంటి సంగతి అయినట్టు.

వాణ్ణి అక్కడే వదిలి నేను 1997 వరస వెతుక్కున్నాను. మైక్ వెబ్‌స్టర్ పేరు నాకు ముందే తెలుసు, ఆట వల్ల కాదు. ఇతనూ విస్కాన్సిన్ వాడే, పిట్స్‌బర్గ్ స్టీలర్స్ సెంటర్. 1974లో చేరి నాలుగు సూపర్ బౌల్స్, అంటే లీగ్ ఫైనల్స్, గెలిచాడు. థామస్‌కి దక్కనివన్నీ ఇతనికి దక్కాయి. కానీ సెంటర్ పని ఏమిటి? బంతి వెనక్కి ఇచ్చిన మరుక్షణం తల పెట్టి ఎదుటివాణ్ణి ఢీకొట్టడం. మ్యాచ్‌ల్లో, ప్రాక్టీసుల్లో, ఏళ్ల తరబడి. ఆట మానేశాక మతి చెదిరింది, డబ్బు పోయింది, కొన్నాళ్లు తన ట్రక్కులోనే పడుకున్నాడు. 2002లో యాభయ్యేళ్లకే పోయాడు. పిట్స్‌బర్గ్‌లో పోస్ట్‌మార్టం చేసింది బెన్నెట్ ఒమలు అనే నైజీరియా డాక్టర్. పైకి మామూలుగా కనిపించిన మెదడుని వదిలేయకుండా పల్చటి ముక్కలు కోయించి చూశాడు. టౌ అనే ప్రొటీన్ పేరుకుపోయి ఉంది. తలకి పదేపదే దెబ్బలు తగిలితే వచ్చే ఆ మెదడు జబ్బు పేరు సీటీఈ. ఫుట్‌బాల్ ఆటగాడి మెదడులో దాన్ని చూపించిన మొదటి పరిశోధన 2005లో అచ్చయింది. ఆ తలకి ఎదురుగా నిలబడి ఆ తలలో జరిగింది తలుచుకుంటే ఒళ్లు జలదరించింది. పక్కనున్న పలకమీద గెలుపులే ఉన్నాయి.

ఐ-77 మీద క్లీవ్‌లాండ్ గంట దారి. ఆరాధనకి టైమ్ ఉందని ముందు ఈరీ సరస్సు ఒడ్డున బ్రౌన్స్ స్టేడియం చూపించాడు మా అబ్బాయి. ఏప్రిల్‌లోనూ గాలి కోసేస్తోంది. సీజన్ కాదు కాబట్టి గేట్లు మూసున్నాయి. 2018 జనవరిలో, 16కి 16 మ్యాచ్‌లూ ఓడిన టీమ్‌కి జనం ఈ స్టేడియం చుట్టూ గడ్డకట్టే చలిలో ఊరేగింపు తీశారట, వెక్కిరింపుగా. థామస్ ఆ మార్చిలో రిటైరయ్యాడు. సెప్టెంబర్ 20 రాత్రి ఇక్కడే అతన్ని సన్మానించి పేరుతో పాటు 10,363 అంకె కూడా పెట్టారు. లెక్కే లేని పనికి దొరికిన ఒకే ఒక్క లెక్క. ఆ రాత్రే బ్రౌన్స్ జెట్స్‌ని ఓడించింది. 635 రోజుల తర్వాత మొదటి గెలుపు! అతను మానేసిన ఆరు నెలలకి.

"ఇప్పుడతను సన్నబడిపోయాడు," అన్నాడు మావాడు ఫోన్‌లో ఫొటో చూపిస్తూ. బరువు నిలుపుకోవడానికి తిన్న తిండి మానేసి ఇరవై కిలోలకి పైగా తగ్గాడు. ఆడుతుండగానే మతిమరుపు మొదలైందని కూడా తనే చెప్పాడు, అది ఆట వల్లో వయసు వల్లో తేల్చలేనన్నాడు. అప్పటికి అతనికి ముప్పై రెండేళ్లే. ఈ రెండో ముక్క మావాడికి తెలుసు. నేను ఎత్తితే కిటికీలోంచి బయటికి చూశాడు.

ఆరాధన హాలు దగ్గర వాళ్ల అమ్మ ఎదురొచ్చింది. పంచరత్నాలు అయిపోయాయని కోపం. "మీరైనా చెప్పండి మావయ్యా," అంది నన్ను పక్కకి తీసుకెళ్లి. వచ్చే సీజన్‌కి తల్లిదండ్రుల సంతకం కావాలి. కాగితం ఇంట్లో ఫ్రిజ్ మీద అలాగే ఉందట. నేను ఆమె వైపే. వాడికి ఆ మాట ఇంకా చెప్పలేదు.