వానరోజు వండర్‌లా

లాకర్ తాళం చేతికి కట్టుకుని వండర్‌లా వినోద పార్కు వేవ్ పూల్లో దిగామో లేదో, హైదరాబాద్ శివార్లలోని రావిర్యాల మీద మబ్బు కమ్మేసింది. చుట్టూ చూస్తే మేం, ఇంకో పాతికమంది. "నాన్నా, ఎక్కడా క్యూ లేదు!" అని మా చిన్నది ఎగిరి గంతేసింది.

నాకేమో ఆ లేని క్యూలే కనబడుతున్నాయి. లెక్కలు రాసే బుద్ధి ఎక్కడికి పోతుంది!

మే నెలలో ఇక్కడ కాలు పెట్టే సందుండదు. ఈ పార్కు వాళ్లకి ఎండాకాలం సెలవులే పంటకాలం. 2020 మార్చిలో కరోనాకి గేట్లు మూశారంటే చేతికొచ్చిన పంట పోయినట్టే. జనం వచ్చినా రాకున్నా నీళ్లు శుభ్రం చెయ్యాలి, రైడ్లు పరీక్షించాలి, లైఫ్‌గార్డు కుర్చీలో ఉండాలి.

వండర్‌లా వాళ్ల మొదటి పార్కు 2000లో కొచ్చిలో వీగాలాండ్ పేరుతో మొదలు. 2005లో బెంగళూరు. మన దగ్గరికి వచ్చేసరికి 2016. పదకొండేళ్లు! ఆ తర్వాత భువనేశ్వర్‌కి మరో ఎనిమిదేళ్లు. ఇదేం నత్తనడకరా బాబూ అనుకునేవాణ్ణి. ఇవాళ నడుంలోతు నీళ్లలో వానకి తడుస్తూ నిలబడితే, జనం లేని రోజు కూడా ఖర్చు ఆగదు కదా, అంత నత్తనడకేం కాదేమో అనిపించింది.

చిన్నది మాత్రం ఒకే రైడు నాలుగోసారి ఎక్కడానికి పరిగెత్తింది. నేను వేడి మొక్కజొన్న కోసం వెతుక్కుంటూ బయల్దేరా.